రేలిబ్ వెర్షన్ మారినప్పుడు పైథాన్ బైండింగ్‌ను కాపాడుకోవడం

కర్నూలులో నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలతో కొండారెడ్డి బురుజును త్రీడీలో గీయిస్తుంటాను. గ్రాఫిక్స్‌కు సీ భాషలో రాసిన రేలిబ్ అనే లైబ్రరీ, పిల్లలు రాసేది పైథాన్. ఈ రెంటినీ కలిపే బైండింగ్, పైథాన్ నుంచి సీ ఫంక్షన్లను పిలిచే సిటైప్స్ మాడ్యూల్‌తో నేను రాసుకున్నదే. రేలిబ్ 5.0 నుంచి 5.5కు మారిన రోజు బురుజు కనపడలేదు, ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోయింది. పైథాన్ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. రెండు రాత్రులు టెన్షన్ పడ్డాక అసలు సంగతి తెలిసింది.

5.5లో త్రీడీ ఆకారం వివరాలుండే మెష్ స్ట్రక్చర్ (మెమరీలో వరసగా పేర్చిన ఫీల్డుల కట్ట) మధ్యలో బోన్‌మ్యాట్రిసెస్, బోన్‌కౌంట్ అని రెండు ఫీల్డులు చేరాయి. 64 బిట్ సిస్టమ్‌లో 112 బైట్లున్న మెష్ 120 అయింది. వాటి వెనకున్న వీఏఓ ఐడీ (గ్రాఫిక్స్ కార్డులోని మెష్ డేటాకు గుర్తు సంఖ్య) 96వ బైటు నుంచి 108కి జరిగింది. నా పాత నిర్వచనం ఇంకా 96 దగ్గరే చూస్తోంది. పైగా ఘనం ఆకారాన్ని తయారు చేసే జెన్‌మెష్‌క్యూబ్ ఫంక్షన్ మొత్తం స్ట్రక్చర్‌నే తిరిగి ఇస్తుంది. పైథాన్ ఉంచిన చోటు 112, సీ రాసింది 120. మిగిలిన 8 బైట్లు గట్టు తెగిన నీళ్ళలా పక్క చేలో పడ్డాయి.

అందుకే వెర్షన్ మార్చగానే మొదట సైజులు పోల్చండి. చిన్న సీ ప్రోగ్రామ్‌తో ప్రతి స్ట్రక్చర్‌కూ సైజ్‌ఆఫ్ (మొత్తం ఎన్ని బైట్లో), ఫీల్డులకు ఆఫ్‌సెట్‌ఆఫ్ (ఎన్నో బైటు దగ్గర మొదలవుతాయో) ప్రింట్ చేసి, సిటైప్స్ చెప్పేదానితో సరిచూడండి. కలర్‌కు 4 బైట్లు, టెక్స్చర్‌కు (గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కించిన బొమ్మ వివరాలు) 20 రావాలి. ఒక్క తేడా ఉన్నా విండో తెరవకుండా టెస్ట్ ఆగిపోవాలి.

స్ట్రక్చర్లను చేత్తో టైప్ చేయడం నేను మానేశాను. రేలిబ్ సోర్సులోనే ఒక పార్సర్ ఉంది, స్ట్రక్చర్ల, ఫంక్షన్ల నిర్వచనాలుండే హెడర్ ఫైలు చదివి వాటి జాబితాను జేసన్ ఫైలుగా ఇస్తుంది. పాత, కొత్త జేసన్‌లను డిఫ్ చేసి పోలిస్తే ఏం మారిందో ముందే కనిపిస్తుంది.

ప్రతి ఫంక్షన్‌కూ ఆర్గ్‌టైప్స్ (తీసుకునే విలువల రకాలు), రెస్‌టైప్ (తిరిగిచ్చే విలువ రకం) తప్పకుండా రాయండి. రెస్‌టైప్ వదిలేస్తే సిటైప్స్ దాన్ని 32 బిట్ల ఇంట్ అనుకుంటుంది, 64 బిట్ల పాయింటర్ (మెమరీ చిరునామా) సగానికి తెగుతుంది.

టెక్స్చర్ విడుదలను మాత్రం పైథాన్ చెత్త సేకరణకు (వాడని వాటిని తనంతట తానే తొలగించే పద్ధతి) వదలకండి. క్లోజ్‌విండో తర్వాత గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే ఓపెన్‌జీఎల్ కాంటెక్స్ట్ ఉండదు, అప్పుడు అన్‌లోడ్ పిలిస్తే క్రాష్ అయ్యే ప్రమాదముంది. నేను తెరిచినవన్నీ ఒక జాబితాలో పెట్టుకుని, విండో మూసే ముందే వరసగా అన్‌లోడ్ చేస్తాను.

పిల్లలు తప్పక అడిగేది ఒకటుంది: తెలుగు అక్షరాలు. తెలుగు ఫాంట్ లోడ్ చేసినా రేలిబ్ వత్తులను కలపదు, ‘కర్నూలు’లో నావత్తు విడిపోతుంది. ఆ పేరును వేరే చోట బొమ్మగా తయారు చేసి టెక్స్చర్‌గా ఎక్కించమంటాను. బురుజు కింద మా ఊరి పేరు సరిగ్గా పడాల్సిందే.