మారథాన్ టెంటులో కాళ్ల మసాజ్: చేసేవారికి

స్పోర్ట్స్ మసాజ్ కొత్తగా నేర్చుకున్నవారికి పరుగు పోటీల టెంటు మంచి బడి. ముందే చెప్పాలి: అక్కడ గట్టిగా నొక్కేవాడు పనిమంతుడు కాదు. హైదరాబాద్ మారథాన్ లాగా ఆగస్టు ఉక్కలో జరిగే పోటీల్లో సగం నేర్పు ఎవరిని బల్ల ఎక్కించకూడదో తెలియడంలోనే ఉంది.

పరుగు ఆపగానే పడుకోబెట్టకండి. పది నిమిషాలు నడిచి, నీళ్లు తాగి రమ్మనండి. మాట తడబడినా, వణుకుతున్నా, వాంతి వస్తున్నా నేరుగా డాక్టరు టెంటుకే పంపాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, కదలకున్నా నొప్పి పెడుతుంటే దాన్ని ముట్టుకోవద్దు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు, అదీ డాక్టరు చూడాల్సిందే. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఈరోజు నొప్పి మాత్ర వేసుకున్నారా అని కూడా అడగండి. మాత్ర వేసుకున్నవారు ఎంత నొక్కినా బాగుందనే అంటారు, వాళ్ల మాట నమ్మి ఒత్తిడి పెంచితే మర్నాడు కాలు కమిలిపోతుంది.

బోర్లా పడుకోబెట్టి చీలమండల కింద చుట్టిన తువ్వాలు పెడితే పిక్క వదులవుతుంది. కాలికి ఒక టీస్పూను నూనె చాలు, దాన్ని ముందు అరచేతిలో పోసుకుని వెచ్చబెట్టాలి. మడమ నుంచి మోకాలి వైపుకి అరచేత్తో రెండు నిమిషాలు నిదానంగా రాయండి. తర్వాత పిక్కను రెండు చేతుల మధ్య పట్టి పిండుతూ పైకి వెళ్లండి. మోకాలి వెనక గుంతలో రక్తనాళాలూ నరాలూ చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ చెయ్యి బరువు తీసేయాలి. మోకాలికి బయటివైపు, కాస్త కిందగా తగిలే ఎముక మొన దగ్గర కూడా అంతే. అక్కడ చర్మం కిందే ఉన్న నరం నొక్కుకుంటే పాదంలో జివ్వుమంటుంది.

పైపిక్క కింద దాగిన కండరం చేతికి అందాలంటే మోకాలు మడవాలి, అప్పుడు పైది సడలుతుంది. అయితే కాలు మీరే ఎత్తండి, వాళ్లని ఎత్తనివ్వద్దు. అలసిన తొడ వెనక కండరం ఆ కాస్త కుదింపుకే పట్టేస్తుంది. పట్టేస్తే పిసక్కుండా మెల్లగా కాలు చాపించండి. పిక్క పట్టేస్తే మోకాలు చాపి ఉంచి, కాలివేళ్లు మోకాలి వైపుకి వచ్చేలా పాదాన్ని వంచి 20–30 సెకన్లు పట్టుకోవాలి.

రెండు కాళ్లకీ కలిపి 10–15 నిమిషాలు. సున్నా నుంచి పది లెక్కలో నొప్పి నాలుగు దాటకూడదు. మోచేత్తో, బొటనవేలితో లోతుగా చేయడం ఆరోజు వద్దే వద్దు. కండరాల్లోని సన్నని పోచలు అప్పటికే చిట్లి ఉంటాయి, మరుసటి రెండు మూడు రోజుల నొప్పి దాని వల్లే. అది తగ్గాకే లోతైన పని. తొడల మీదకి వెళ్లే ముందు అనుమతి అడిగి, మసాజ్ చేయని భాగాన్ని తువ్వాలుతో కప్పాలి. అయ్యాక ఒక నిమిషం కూర్చోబెట్టి లేపండి, లేకుంటే కళ్లు తిరుగుతాయి.

పరుగులో కండరాల్లో చేరే లాక్టిక్ ఆమ్లం మసాజ్‌తో పోతుందా అని అందరూ అడుగుతారు. అది మసాజ్ లేకున్నా గంటా గంటన్నరలో దానంతటదే తగ్గుతుంది. కాళ్లు కాస్త తేలికపడతాయి, నొప్పి కొంచెం తగ్గుతుంది, అంతకుమించి మాట ఇవ్వొద్దు.

క్రీడాకారుల దగ్గర పనిచేసేవారికి సొంత చేతుల మీద రాసుకునే మందుల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. 2024 మార్చిలో టెన్నిస్ ఆటగాడు యానిక్ సిన్నర్ డోపింగ్ పరీక్షల్లో క్లోస్టెబాల్ అనే నిషేధిత స్టెరాయిడ్ బయటపడింది. తెగిన వేలికి ఆ మందు ఉన్న స్ప్రే వాడిన సహాయకుడు చేతి తొడుగు లేకుండా మసాజ్ చేయడమే కారణమని తేల్చారు. అయినా 2025లో సిన్నర్‌కి మూడు నెలల నిషేధం తప్పలేదు. చేతికి గాయముంటే ఆరోజు వేరేవారిని చేయమనండి.

ఇక మీ ఒళ్లు. నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే పిడికిలి కణుపులు బల్లకి తగలాలి, ఎత్తు అలా సరిచేసుకోండి. ఒత్తిడి భుజం నుంచి కాదు, ఒక కాలు ముందుకి వేసి ఒంటి బరువు వాలిస్తే వస్తుంది. బొటనవేలు ఒక్కదాన్నే వాడేవాళ్లకి కొన్నాళ్లకే దాని మొదలు నొప్పి పట్టుకుంటుంది.