నలుగురున్న గ్రూపు చాలు

ఆన్‌లైన్‌లో రెండేళ్లు చదివాను. మొదటి ఆరు నెలలూ తల వేడెక్కినప్పుడల్లా ఫోను తీసి రీల్స్ చూస్తూ కూర్చునేదాన్ని. పది నిమిషాలనుకున్నది గంటన్నరయ్యేది. లేచేసరికి మెడ నొప్పి, పక్కన అలాగే మిగిలిపోయిన పాఠం. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. మీకు పనికొస్తుందేమో చూడండి.

ముందుగా తరగతి వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో ‘ఎల్లప్పుడూ’ అని పెట్టి ఆర్కైవ్ చేయండి. పరీక్షకు ముందు రోజు రాత్రి మా గ్రూపులో ఎవరో ‘ఐదో యూనిట్ కూడా ఉందట’ అని రాశారు. రెండింటి దాకా మేలుకుని చదివాను. అది అసలు సిలబస్‌లోనే లేదు! ప్రకటనల కోసం రోజుకు ఒకసారి తెరిస్తే సరిపోతుంది.

తర్వాత మీకు నిజంగా చనువున్న ముగ్గురితో చిన్న గ్రూపు పెట్టుకోండి. మేము పెట్టుకున్న నియమం ఒక్కటే: ‘ఎంతవరకు చదివావు?’ అని ఎవరూ అడగకూడదు. సందేహాలు అడగవచ్చు, ఏడుపొస్తే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టవచ్చు. విన్నవాళ్లు సలహా ఇవ్వనక్కర్లేదు, విన్నానని చెబితే చాలు. రెండు నిమిషాలని ఎందుకంటే, అమాండా రోజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో పిల్లల స్నేహాలపై ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే బాధను పదేపదే తవ్వుకునే జంటల్లో స్నేహం గాఢంగానే ఉంది, దిగులూ ఆందోళనా కూడా ఎక్కువగానే ఉన్నాయి. మాదీ మొదట్లో అదే కథ. రాత్రి పదకొండుకు మొదలైన ఫిర్యాదులు ఒంటిగంటకీ తెమిలేవి కావు.

నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మౌనంగా కలిసి చదవడం. వీడియో కాల్ పెట్టి మైకులు ఆపేస్తాం. కెమెరా ముఖం మీద కాకుండా పుస్తకం మీద ఉంటుంది. గంటల తరబడి తెరమీద మన ముఖం మనమే చూసుకోవడం అలసట పెంచే కారణాల్లో ఒకటని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో రాశారు. ఇరవై ఐదు నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు కబుర్లు. కబుర్లాడేటప్పుడు కుర్చీలోంచి లేవాలి. అవతల పేజీ తిప్పుతున్న చెయ్యి కనిపిస్తుంటే నాకు బద్ధకించడానికి సిగ్గేసేది.

ఇక రీల్స్. అడుగంటూ లేని బావి అది, ‘ఇక చాలు’ అని మనమే చెప్పాలి. 2018 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఐఫోన్లలోనూ రోజువారీ సమయ పరిమితి పెట్టుకునే వీలుంది. నేను ఇరవై నిమిషాలు పెట్టుకుని, ‘ఇంకో పదిహేను నిమిషాలు’ అన్న బటన్‌ను రోజూ నొక్కేదాన్ని. చివరికి ఆ పరిమితికి పాస్‌కోడ్‌ను గ్రూపులో ఒకమ్మాయి చేత పెట్టించుకున్నాను. నాకు చెప్పొద్దన్నాను, చెప్పలేదు. అలాగే తమ టైమ్‌టేబుల్, మార్కులు రోజూ పెట్టేవాళ్ల ఖాతాలను మ్యూట్ చేయండి. వాళ్లకు తెలియదు, మొహమాటం అక్కర్లేదు.

నిద్ర, ఆకలి రెండు వారాలైనా కుదుటపడకపోతే మాత్రం గ్రూపుతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌నో కౌన్సెలర్‌నో కలవండి.

కలిసి చదువుదామని ఎలా అడగాలో తోచకపోతే, నేను పంపిన సందేశం ఇది: ‘సాయంత్రం ఏడింటికి అరగంట చదువుకుందాం. మాట్లాడనక్కర్లేదు. వస్తావా?’ ముగ్గురికి పంపితే ఇద్దరు ఆ రోజే వచ్చారు. మూడో అమ్మాయి వారం తర్వాత వచ్చి, మొదటి రోజు అరగంటా పుస్తకం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మేమూ లేపలేదు.