మంచు కురిసే చోట పెరటి కోళ్లను శీతాకాలంలో ఎలా చూసుకోవాలి?

మన ఊళ్లలో చలి ముదిరితే కోళ్ల షెడ్డు చుట్టూ గోనె పట్టాలు కట్టి, కోడిపిల్లలకు బల్బు పెడతాం. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ లాంటి మంచు చోట్ల పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకునే తెలుగువాళ్లకూ గూడు సందు లేకుండా మూసేసి హీట్ ల్యాంప్ వేలాడదీయాలనిపిస్తుంది. ఎదిగిన కోళ్లకు ఆ రెండూ వద్దు. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు ఉబ్బించుకుని ఆ వేడిని పట్టి ఉంచుకుంటుంది. ఒళ్లు పొడిగా ఉంటే సున్నాకు పది డిగ్రీలు కిందికి పోయినా తట్టుకుంటుంది. దాన్ని దెబ్బతీసేది తేమ.

ముందు గాలి సంగతి

రాత్రంతా కోళ్ల ఊపిరి నుంచి, రెట్ట నుంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. బయటికి దారి లేకపోతే అది తల మీది ఎర్ర జుట్టు మీద, గడ్డం కింద వేలాడే తోలు మీద చేరి గడ్డకడుతుంది. ఫ్రాస్ట్‌బైట్, అంటే చలికి చర్మం గడ్డకట్టి చచ్చుబడటం, మొదలయ్యేది అక్కడే. కప్పు కింద, కూర్చున్న కోళ్ల తలలకు బాగా పైన, ఒక్కో కోడికి ఒక చదరపు అడుగు చొప్పున కిటికీలు వదలండి. వాటికి అరంగుళం కన్నాల ఇనుప జాలీ కొట్టండి. కోళ్లు కూర్చునే ఎత్తులో మాత్రం ఈదురుగాలి దూరే సందులన్నీ మూసేయండి. పొద్దున్నే గూటి లోపలి గోడల మీద మంచు పేరుకున్నా, తలుపు తీయగానే అమ్మోనియా ఘాటు తగిలినా గాలి చాలట్లేదన్నమాట.

250 వాట్ల హీట్ ల్యాంప్ నేల మీది చెక్క పొట్టు మీద పడితే గూడే కాలిపోతుంది. కరెంటు పోతే, వేడికి అలవాటుపడిన కోళ్లు ఒక్కసారిగా చలిలో పడతాయి.

కర్ర, పొట్టు

కూర్చోవడానికి రెండు బై నాలుగు అంగుళాల చెక్కను వెడల్పు వైపు పైకి ఉండేలా బిగించండి. పాదాలు పరిచి కూర్చుంటే పొట్ట ఈకలు వేళ్లను కప్పేస్తాయి. ఇనుప గొట్టం వద్దు, చలిని నేరుగా పాదాలకు ఎక్కిస్తుంది.

నేల మీద ఆరంగుళాల మందాన పైన్ చెక్క పొట్టు పరచండి. వారానికోసారి తిరగేస్తూ, తడిసిన చోట తీసేసి కొత్తది వేస్తూ పోండి. పిడికిట్లో నొక్కితే ముద్దకట్టకూడదు.

నీళ్లు, మేత

నీళ్లు గడ్డకట్టి అందకపోతే కోడి మేత మానేస్తుంది, వెంటనే గుడ్లూ తగ్గుతాయి. కరెంటు ఉంటే నీళ్ల డబ్బా కింద పెట్టే హీటర్ పళ్లెం కొనండి. లేకపోతే రెండు రబ్బరు తొట్లు మార్చి మార్చి పెట్టండి. రబ్బరు వంగుతుంది కాబట్టి గడ్డ తేలిగ్గా ఊడుతుంది. తొట్టి గూటి బయట ఉంటే లోపల తేమ తగ్గుతుంది.

16 శాతం ప్రొటీన్ ఉన్న లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల మేత) ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. మామూలు రోజుల్లో కోడి సుమారు 120 గ్రాములు తింటుంది, చలికి ఇంకా ఎక్కువ కావాలి. సాయంత్రం కోడికో చెంచా మొక్కజొన్న నూక చల్లితే రాత్రి అరుగుతూ వేడినిస్తుంది. అంతకు మించితే ప్రొటీన్ తగ్గి కొవ్వు పడుతుంది. నేలను మంచు కప్పేశాక మేత అరగడానికి కోళ్లు ఏరుకుని మింగే సన్నరాళ్లు దొరకవు, ఆ రాళ్లను (గ్రిట్) విడిగా పెట్టండి.

బయట కొంత మేర మంచు తోసి గడ్డి పరిస్తే కోళ్లు వాటంతటవే వస్తాయి. బలవంతంగా దింపకండి.

గుడ్ల కోసం 14 గంటల వెలుతురు ఇవ్వాలనుకుంటే బల్బు తెల్లవారుజామున వెలిగించండి. సాయంత్రం వెలిగించి ఆర్పితే కోళ్లు చీకట్లో కర్ర ఎక్కలేవు. గడ్డకట్టి పగిలిన గుడ్లు తినకండి.

జుట్టు కొనలు తెల్లబడితే

అది ఫ్రాస్ట్‌బైటే. పెద్ద జుట్టున్న లెగ్‌హార్న్ లాంటి జాతులకే ఈ ముప్పు ఎక్కువ. రుద్దకండి, హెయిర్ డ్రయర్ పెట్టకండి. కోడిని గాలి తగలని, కాస్త వెచ్చని గదిలోకి తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ అద్దండి. తర్వాత కొనలు నల్లబడితే కత్తిరించకండి. ఆ ఎండిన భాగమే కింది చర్మాన్ని కాపాడి, మానాక దానంతటదే రాలిపోతుంది. వాచి చీము కనిపిస్తే వెటర్నరీ డాక్టరుకు చూపించండి.