కింద ఉన్నది మంచినీరా, ఉప్పునీరా? రెసిస్టివిటీ ఇన్వర్షన్: కొలత నుంచి పేపర్ దాకా

నెల్లూరు జిల్లా తీరం వెంట, ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు వైపు బోరు వేయించే రైతు అడిగేది ఒక్కటే. మంచినీళ్లు ఎంత లోతు దాకా ఉన్నాయి, ఎక్కడ ఉప్పునీళ్లు తగులుతాయి? మంచినీటి ఇసుక కంటే ఉప్పునీటి ఇసుక విద్యుత్ నిరోధకత (రెసిస్టివిటీ) తక్కువ కాబట్టి, నేల మీద నుంచే దాన్ని కొలుస్తారు. పొరల మందం, వాటి నిరోధకత ముందే తెలిస్తే పైన మీటరు ఎంత చూపించాలో లెక్క కట్టవచ్చు. అది ఫార్వర్డ్ ప్రాబ్లమ్. మీటరు చూపించిన అంకెలు పట్టుకుని కింది పొరలను రాబట్టడం ఇన్వర్స్ ప్రాబ్లమ్, ఆ లెక్కే ఇన్వర్షన్. మొదటిదానికి జవాబు ఒకటే. రెండోదానికి వందలు ఉంటాయి, అన్నీ కొలతలకు సరిగ్గా సరిపోతాయి.

పరిష్కారం ఉండాలి, ఒకటే ఉండాలి, డేటా కాస్త కదిలితే అదీ కాస్తే కదలాలి అని ఫ్రెంచి గణితజ్ఞుడు జాక్ అదమార్ పెట్టిన మూడు షరతుల్లో చివరి రెండూ ఇక్కడ తప్పుతాయి. అందుకే సాఫ్ట్‌వేర్ గీసిచ్చిన ఒక్క బొమ్మను జవాబుగా పేపర్లో పెడితే చాలదు. ఆ డేటాతో ఎంత చెప్పగలమో, ఎంత చెప్పలేమో అంకెల్లో చూపించినప్పుడే అది పరిశోధన. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్లకు పనికొచ్చేలా ఆ దారి ఇక్కడ చెబుతున్నాం.

కొలతలో దొర్లిన తప్పును ఏ గణితమూ సరిచేయదు

పొరలు దాదాపు సమతలంగా ఉండే డెల్టా నేలకు ష్లంబర్జర్ పద్ధతి చాలు. బయటి రెండు ఎలక్ట్రోడ్ల గుండా కరెంటు పంపి, మధ్యలోని రెండింటి మీద వోల్టేజి కొలుస్తారు. బయటి రెండింటి ఎడం ఏబీ. అందులో సగాన్ని, అంటే ఏబీ/2 దూరాన్ని, 1.5 మీటర్ల నుంచి 150 మీటర్ల దాకా పెంచుకుంటూ పోండి. ప్రతి పదిరెట్లకు ఆరు కొలతల చొప్పున, లాగ్ స్కేలు మీద సమానంగా ఉండాలి. మధ్య ఎలక్ట్రోడ్ల ఎడం, అంటే ఎమ్‌ఎన్, ఏబీలో ఐదో వంతుకు మించకూడదు. ఎమ్‌ఎన్ మార్చిన ప్రతిసారీ రెండు ఏబీ దూరాల దగ్గర పాత ఎడంతోనూ కొత్త ఎడంతోనూ కొలవండి. ఆ రెండూ కలవకపోతే ఎలక్ట్రోడ్ దగ్గర నేల ఏకరీతిగా లేదన్నమాట. ఆ తేడాను దాచకండి, నాయిజ్ (కొలతలోని ఊగుడు, తప్పు) అంచనాలో కలపండి.

తీరంలో అసలు చిక్కు వోల్టేజి మరీ చిన్నది కావడం. లెక్క చూడండి. ఏబీ/2 100 మీటర్లు, ఎమ్‌ఎన్ 20 మీటర్లు అయితే జామెట్రిక్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటుల నిష్పత్తిని నిరోధకతగా మార్చే గుణకం) సుమారు 1555. ఉప్పునీటి నేల నిరోధకత 5 ఓమ్-మీటర్లు, కరెంటు 100 మిల్లీఆంపియర్లు అనుకుంటే వచ్చే వోల్టేజి 5 × 0.1 ÷ 1555, అంటే 0.32 మిల్లీవోల్టులు. మీటరు 0.02 మిల్లీవోల్టు అటూ ఇటూ ఊగినా 6 శాతం తప్పు వచ్చేసినట్టే. అదే కరెంటును 500 మిల్లీఆంపియర్లకు పెంచితే వోల్టేజి 1.6 మిల్లీవోల్టులవుతుంది, తప్పు 1.2 శాతానికి దిగుతుంది. ఇక్కడ తేమ నేల కాబట్టి ఎలక్ట్రోడ్లు నేలను బాగానే అంటుకుంటాయి, ఆ కరెంటు పంపడం కష్టం కాదు. ఉదయగిరి, వింజమూరు మెట్ట పొలాల్లో అలా కుదరదు. అక్కడ ఎలక్ట్రోడ్ చుట్టూ ఉప్పునీళ్లు పోసి, పావుగంట ఆగి కొలవాలి.

తడినేలలో ఇంకో మోసం కేబుల్ లీకేజీ. ఎక్కడో తొడుగు చిట్లి ఉంటే కరెంటు ఎలక్ట్రోడ్ దాకా పోకుండా మధ్యలోనే నేలలోకి దిగిపోతుంది, లోతు పొరల లెక్కంతా చెడుతుంది. పరీక్ష తేలిక. చివరి ఎలక్ట్రోడ్‌ను నేలలోంచి పీకి గాలిలో ఉంచి కరెంటు పంపండి. సున్నా రావాలి. రాకపోతే ఆ కేబుల్ పక్కన పెట్టేయండి. రొయ్యల గుంటల పక్కన ఏరియేటర్లు, వాటి కరెంటు తీగలు, ఇనుప కంచెలు, నేలలోని ఇనుప పైపులు కూడా కొలతను చెడగొడతాయి. లైనును వాటికి వీలైనంత దూరంగా వేయండి. ప్రతి బిందువు దగ్గర ధ్రువాలు తారుమారు చేస్తూ కనీసం నాలుగు రీడింగులు తీసి, సగటుతో పాటు వాటి ఊగుడును కూడా రాసుకోండి. ఆ రెండో అంకె లేని డేటాతో తర్వాతి పనులేవీ సక్రమంగా సాగవు.

తేదీ కూడా రాయండి. నెల్లూరుకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడుతుంది. మే నెల కొలతనూ జనవరి కొలతనూ పక్కపక్కన పెట్టి ఉప్పునీరు ముందుకొచ్చిందనో వెనక్కి పోయిందనో చెప్పకూడదు.

ముందు ఫార్వర్డ్ కోడ్‌ను పరీక్షించండి

పైథాన్‌లో ఈ లెక్కలు చేసే పైజిమ్లి, సింపెగ్ ప్యాకేజీలు రెండూ ఉచితంగా దొరుకుతాయి. సొంతంగా రాసుకున్నా, వాటిని వాడినా ఇన్వర్షన్‌కు ముందు మూడు పరీక్షలు చేయండి. అన్ని పొరలకూ ఒకే నిరోధకత ఇస్తే ప్రతి దూరం దగ్గరా అదే అంకె రావాలి. ఏబీ/2 బాగా చిన్నదైనప్పుడు పై పొర నిరోధకత రావాలి. బాగా పెద్దదైనప్పుడు అట్టడుగు పొర నిరోధకతకు చేరాలి. ఒక పొరను రెండుగా చీల్చి అదే విలువ ఇచ్చినా జవాబు మారకూడదని నాలుగోది కూడా చేస్తే మరీ మంచిది.

తెలియని విలువలన్నిటినీ లాగరిథమ్‌లోకి మార్చుకోండి. మందం, నిరోధకత రుణాత్మకంగా పోయే ప్రమాదం దీంతో పోతుంది. నాలుగు పొరల మోడల్లో తెలియనివి ఏడు. నాలుగు నిరోధకతలు, మూడు మందాలు.

ఇన్వర్షన్: ఎక్కడ ఆగాలన్నదే కీలకం

కొలతకూ లెక్కకూ మధ్య తేడాను ఆ కొలత తాలూకు నాయిజ్‌తో భాగించి, వర్గం చేసి, అన్నీ కూడండి. అది కై-స్క్వేర్. గాస్-న్యూటన్ పద్ధతిలో దాన్ని తగ్గిస్తూ, అడుగు విచ్చలవిడిగా పోకుండా లాంబ్డా అనే పగ్గం వేస్తాం. లాంబ్డాను మొదట పెద్దదిగా ఉంచి, కై-స్క్వేర్ తగ్గుతున్న కొద్దీ సగం చేసుకుంటూ రండి. పొరల సంఖ్య ముందే చెప్పడం ఇష్టం లేకపోతే 1987లో వచ్చిన ఆకమ్ పద్ధతిలో 20–25 పలుచని పొరలు పెట్టి, డేటాకు సరిపోయేవాటిలో అతి నునుపైన మోడల్‌ను వెతకవచ్చు. కాకపోతే అది ఉప్పునీటి సరిహద్దును కూడా నునుపు చేసి మసకగా చూపిస్తుంది. ఆ మసక నేలలో ఉన్నదని రాయకండి, అది పద్ధతి తెచ్చినది.

ఎప్పుడు ఆపాలి? కై-స్క్వేర్‌ను కొలతల సంఖ్యతో భాగిస్తే 1 దగ్గరికి వచ్చినప్పుడు. దీన్ని మొరొజోవ్ సూత్రం అంటారు. నాయిజ్ 5 శాతం ఉన్న డేటాకు 1 శాతం తేడాతో సరిపోయే మోడల్ తెచ్చి గొప్పగా చూపించేవాళ్లు చాలామంది. అది గొప్ప కాదు. ఆ మోడల్ నేలతో పాటు నాయిజ్‌కు కూడా పొరలు కట్టింది. ఎంతకీ 1 దగ్గరికి రాకపోతే నాయిజ్‌ను తక్కువగా అంచనా వేశారు, లేదా నేల సమతల పొరలుగా లేదు. రెండో కారణమైతే ఇంకో నాలుగు పొరలు చేర్చి లాభం లేదు, పక్కలకు వచ్చే మార్పునూ పట్టే టూడీ సర్వే చేయాలి.

రెండు జవాబులు ఒకే వంపు ఎందుకు ఇస్తాయి

ఈ పని మొత్తానికీ ఆయువుపట్టు ఇక్కడుంది. పైన బంకమట్టి, మధ్యలో మంచినీటి ఇసుక, కింద ఉప్పునీటి ఇసుక. మధ్య పొర పలుచగా ఉండి, నిరోధకత రెండు వైపులా ఉన్నవాటి కంటే ఎక్కువైతే, పైనున్న మీటరుకు దాని మందం విడిగా కనిపించదు, నిరోధకతా విడిగా కనిపించదు. రెండింటి గుణకారమే కనిపిస్తుంది. 5 మీటర్ల మందం 60 ఓమ్-మీటర్లూ, 10 మీటర్ల మందం 30 ఓమ్-మీటర్లూ రెండింటికీ గుణకారం 300. వచ్చే వంపులు (ఏబీ/2 పెరిగేకొద్దీ కొలత మారే తీరును చూపే గీతలు) నాయిజ్ లోపల దాదాపు ఒకటే. రైతుకు మాత్రం ఈ రెండూ ఒకటి కావు. మొదటిది నమ్మి బోరు వేస్తే నీళ్లు తక్కువ, రెండోది నమ్మి లోతుకు దింపితే ఉప్పునీళ్లు.

మెట్ట ప్రాంతంలో ఇది తిరగబడుతుంది. పైన ఎండిన మట్టి, మధ్యలో మెత్తబడిన రాయి, కింద గట్టిరాయి. ఇక్కడ మీటరుకు కనిపించేది మందాన్ని నిరోధకతతో భాగించిన విలువ. 10 మీటర్లు 40 ఓమ్-మీటర్లూ, 20 మీటర్లు 80 ఓమ్-మీటర్లూ రెండూ 0.25. కేసింగ్ పైపు పది మీటర్లు కొనాలా, ఇరవై కొనాలా అన్నది ఆ వంపు ఒక్కటే చెప్పలేదు.

దీన్ని పేపర్లో చూపించడానికి అన్నిటికంటే తేలికైన, నమ్మదగిన మార్గం ప్రొఫైల్. మధ్య పొర మందాన్ని 2 మీటర్ల దగ్గర బిగించి, మిగతా తెలియని విలువలన్నిటినీ మళ్లీ సర్దనివ్వండి, వచ్చిన కై-స్క్వేర్ రాసుకోండి. 3, 4 అంటూ 20 మీటర్ల దాకా ఇలాగే చేసి గ్రాఫ్ గీయండి. కనిష్ఠం కంటే 3.84 లోపు ఉన్న మందాలన్నీ 95 శాతం నమ్మకంతో సాధ్యమైనవే. గ్రాఫ్ అడుగు వెడల్పుగా పళ్లెంలా ఉంటే ఆ డేటాకు మందం తెలియదని తేలిపోయినట్టే. ల్యాప్‌టాప్ మీద నిమిషాల్లో అయిపోయే ఈ పని చేయకుండా వారాల తరబడి పెద్ద మార్కోవ్ చెయిన్లు (యాదృచ్ఛికంగా వేల మోడళ్లను పరీక్షించే పద్ధతి) నడపడం మాకు సమంజసంగా తోచదు. చెయిన్లే వాడదలిస్తే కనీసం నాలుగింటిని వేర్వేరు చోట్ల మొదలుపెట్టి, అవన్నీ ఒకే చోటికి వచ్చాయని చూపించాలి.

ముడి విప్పేది బయటి సమాచారమే

పక్క బావిలోంచి లీటరు నీళ్లు తీసి విద్యుత్ వాహకత కొలవండి. సెంటీమీటరుకు 1000 మైక్రోసీమెన్స్ వస్తే నీటి నిరోధకత 10 ఓమ్-మీటర్లు. 10,000ను వాహకతతో భాగిస్తే చాలు. బంక కలవని ఇసుకలో పొర నిరోధకత నీటి నిరోధకతకు సుమారు 3 నుంచి 5 రెట్లు ఉంటుంది. అంటే మధ్య పొర 30 నుంచి 50 ఓమ్-మీటర్ల మధ్య ఉండాలి. గుణకారం 300 కాబట్టి మందం 6 నుంచి 10 మీటర్లు. పళ్లెంలా పరిచిన గ్రాఫ్ ఇప్పుడు రైతుకు చెప్పదగ్గ జవాబుగా మారింది. ఎక్కడి నుంచి ఎంత సమాచారం వచ్చిందో కూడా స్పష్టంగా ఉంది.

ఈ లెక్క బంకమట్టికి పనికిరాదు, ఎందుకంటే బంక తనంతట తానే కరెంటును మోస్తుంది. 5 ఓమ్-మీటర్లు కనిపిస్తే అది ఉప్పునీటి ఇసుక కావచ్చు, వట్టి బంక కావచ్చు. 8000 మైక్రోసీమెన్స్ నీళ్లున్న ఇసుక నిరోధకత సుమారు అంతే వస్తుంది. అలాంటి చోట ఇండ్యూస్డ్ పోలరైజేషన్ (కరెంటు ఆపాక నేలలో కాసేపు మిగిలే వోల్టేజి) కొలవాలి, లేదా బోరు మట్టి నమూనాలు చూడాలి. రాష్ట్ర భూగర్భ జలశాఖ పీజోమీటర్ల (నీటిమట్టం కొలిచే బోర్లు) దగ్గర, ఏ లోతులో ఏ పొర తగిలిందో చెప్పే బోరు లాగ్‌లు ఉంటాయి, రాతపూర్వకంగా అడగండి. దొరికిన లాగ్‌లలో ఒకదాన్ని ఇన్వర్షన్‌లో వాడకుండా పక్కన ఉంచండి. చివర్లో సరిచూసుకోవడానికి అదే సాక్ష్యం.

సింథటిక్ పరీక్ష, అంటే ముందే తెలిసిన మోడల్ నుంచి తయారు చేసిన డేటాతో పరీక్ష, చేసేటప్పుడు డేటా తయారు చేసిన కోడ్‌తోనే, అదే గ్రిడ్ (లెక్క కోసం నేలను విడగొట్టిన గళ్లు) మీద ఇన్వర్షన్ చేయకండి. దీన్ని ఇన్వర్స్ క్రైమ్ అంటారు. వేరే కోడ్‌తో, ఇంకా సన్నని గ్రిడ్‌తో డేటా తయారు చేసి, పొలంలో చూసినంత నాయిజ్ కలిపి, రెండు వందల సార్లు వేర్వేరు నాయిజ్‌తో నడిపి జవాబుల చెదురును చూపించండి. మొదలుపెట్టే మోడల్‌ను కూడా మార్చి చూడండి.

పేపర్ రాయడం, పంపడం

ముందు బొమ్మలు తయారు చేయండి. స్థలపటం, తప్పుగీతలతో (ఎర్రర్ బార్లతో) సహా కొలతల వంపు, దాని మీద మోడల్ వంపు, సాధ్యమైన మోడళ్లన్నిటి పట్టీ, ప్రొఫైల్ గ్రాఫ్, పక్కన పెట్టిన బోరు లాగ్‌తో పోలిక. ఈ ఆరూ నిలబడితే పేపర్ నిలబడుతుంది. తర్వాత పద్ధతి, ఫలితాలు రాయండి, ఉపోద్ఘాతం చివర్లో. తెలిసిన పద్ధతిని కొత్త ఊళ్లో వాడామన్నది ఒక్కటే కొత్తదనమైతే పెద్ద జర్నళ్లు తిప్పి పంపుతాయి. బావినీటి వాహకత కలిపితే మందం అనిశ్చితి ఎంత తగ్గిందో అంకెల్లో చూపించారా, అది కొత్త విషయం.

జర్నల్ ఎంపిక మీ ఫలితాన్ని బట్టి ఉండాలి. సిద్ధాంతం, నిరూపణ ఉంటే ఇన్వర్స్ ప్రాబ్లమ్స్. పొలం డేటా, పద్ధతి రెండూ ఉంటే నియర్ సర్ఫేస్ జియోఫిజిక్స్, జర్నల్ ఆఫ్ అప్లైడ్ జియోఫిజిక్స్. మన ప్రాంత భూగర్భ విశేషం ప్రధానమైతే ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ వారి జర్నల్ ఆఫ్ ఎర్త్ సిస్టమ్ సైన్స్. చందా పద్ధతిలో ప్రచురిస్తే సాధారణంగా రచయిత డబ్బు కట్టనక్కర్లేదు. వారంలో అంగీకారం, ఇంత ఫీజు అంటూ మెయిల్ పంపే జర్నళ్ల జోలికి పోకండి. యూజీసీ 2025లో తన ఆమోదిత జర్నళ్ల పట్టిక అయిన కేర్ జాబితాను ఎత్తేసింది కాబట్టి జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత ఇప్పుడు మీది, మీ గైడుది. సంపాదకవర్గం ఎవరు, గత రెండేళ్లలో వచ్చిన పేపర్లు మీరు చదవదగ్గవేనా, ఈ రెండూ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

పాత పేపర్లు చదవడానికి, 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ప్రభుత్వ విద్యాసంస్థల కోసం పెట్టిన జర్నళ్ల చందా పథకం. విక్రమ సింహపురి లాంటి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఉంటే లైబ్రరీలో అడగండి. ప్రైవేటు కాలేజీలో ఉంటే ప్రీప్రింట్ (ప్రచురణకు ముందు రచయిత ఆన్లైన్లో పెట్టిన ప్రతి) వెతకండి, దొరక్కపోతే రచయితకే మెయిల్ రాయండి, చాలామంది పంపుతారు.

రివ్యూయర్లు ఎక్కువగా అడిగేవి ఇవే: నాయిజ్ ఎలా అంచనా వేశారు, లాంబ్డా ఎలా ఎంచుకున్నారు, వేరే మోడల్ సరిపోదని ఎలా తెలుసు, దేనితో సరిచూశారు. నాలుగింటికీ జవాబులు మొదటి ప్రతిలోనే ఉంచండి. జవాబు లేఖలో ప్రతి ప్రశ్ననూ ఉన్నదున్నట్టు రాసి, దాని కింద మీ సమాధానం, మార్చిన పేజీ, పంక్తి సంఖ్య ఇవ్వండి. రివ్యూయర్ అపార్థం చేసుకుంటే వాదనకు దిగకుండా, ఆ వాక్యాన్నే తిరగరాసి చూపించండి.

డేటా, కోడ్ రెండూ జెనోడో అనే ఆన్లైన్ భాండాగారంలో పెట్టి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి. కొలిచిన ప్రతి వోల్టేజి, ప్రతి కరెంటు, ఎమ్‌ఎన్ దూరాలతో సహా ఉండాలి. లెక్కకట్టిన నిరోధకతలు మాత్రమే పెడితే మరొకరు నాయిజ్‌ను మళ్లీ అంచనా వేయలేరు. పొలం యజమాని పేరు, సర్వే నంబరు తీసేయండి, పటంలో స్థానాన్ని గ్రామం మేరకే చూపించండి. ఆ రైతుకు మాత్రం ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి: మంచినీటి ఇసుక 6 నుంచి 10 మీటర్ల మందం, దాని కింద ఉప్పునీరు, బోరు ఫలానా లోతు దాటించొద్దు.