స్పెషల్ నీడ్స్ పిల్లలతో పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి

విజయవాడ, గుంటూరు నుంచి చాలామంది స్పెషల్ నీడ్స్ పిల్లలకి హెల్ప్ చేయాలనుంది, ముందు ఏ కోర్స్ చేయమంటారు అని అడుగుతుంటారు. కోర్స్ గురించి చివర్లో చెప్తా. ముందు మీ మండలంలో సమగ్ర శిక్ష (ప్రభుత్వ విద్యా పథకం) వాళ్ళు స్పెషల్ నీడ్స్ పిల్లల కోసం నడిపే భవిత సెంటర్ ఎక్కడుందో కనుక్కుని, అక్కడి టీచర్‌ గారి పర్మిషన్ తీసుకుని కొన్నిరోజులు ఓ పక్కన కూర్చుని చూడండి.

చూసింది చూసినట్టు నోట్‌బుక్‌లో రాయండి. "బాబు మొండి చేస్తున్నాడు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదండి. "బెల్ కొట్టగానే చెవులు మూసుకుని బెంచీ కింద దూరాడు" అని రాస్తే రేపట్నుంచి బెల్ కొట్టే ముందే బాబుకి చెప్పి కొంచెం దూరంగా కూర్చోబెట్టొచ్చు కదా.

తర్వాత అసలు పని. పిల్లల మీద ప్రేమ ఉన్నవాళ్ళే ఎక్కువగా అన్నీ చేసిపెట్టేస్తారు, దాంతో పిల్లలకి నేర్చుకునే ఛాన్సే ఉండదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ప్లేటు కడగడమే తీసుకోండి, మిగిలింది డబ్బాలో వేయాలి, కుళాయి తిప్పాలి, రుద్దాలి, నీళ్ళతో కడగాలి, స్టాండులో పెట్టాలి, మనకి ఒక్క పనే గానీ ఆ పాపకి అది ఐదు పనులు. మొదట్లో నాలుగూ మీరు పాప చెయ్యి పట్టుకుని చేయించి, చివరిది, అంటే స్టాండులో పెట్టడం మాత్రం పాపకే వదిలేయండి. పని పూర్తిచేసిన సంతోషం పాపకే దక్కుతుంది. అది వచ్చాక కడగడం కూడా వదిలేయండి, అలా వెనక నుంచి ముందుకి రావాలి. చెయ్యి పట్టుకోవడం తగ్గించి వేలితో చూపించడం, తర్వాత అదీ మానేయడం.

చెప్పేటప్పుడు చిన్న మాటల్లో ఒక్కసారి చెప్పి మనసులో పది లెక్కపెట్టండి. "తియ్యి, తియ్యమన్నానా, వినపడట్లేదా" అని వరసపెట్టి అంటే మొదటి మాట బుర్రకెక్కేలోపే మూడోది వచ్చి పడుతుంది. ఇంకోటి, పాప ఎదురుగా ఉండగా "ఈమెకి ఏం రాదా అమ్మా" అని వాళ్ళమ్మని అడగొద్దు, ప్లీజ్, మాటలు రాని పిల్లలకి కూడా చాలా అర్థమవుతాయి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూన్ పెట్టడం, నీళ్ళు తాగించడం ఇవేవీ వద్దు. చుట్టూ గట్టి వస్తువులు జరిపి, తలకింద మెత్తనిది పెట్టి, పిల్లల్ని ఓ పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

పిల్లలకి సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే, దాని పరీక్షకి స్లాట్ గురించి సచివాలయంలో అడగమని తల్లిదండ్రులకి చెప్పండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఆటిజం, డిస్లెక్సియా లాంటివీ అందులో ఉన్నాయి, ఈ సంగతి తెలియని ఇళ్ళు ఇంకా చాలానే ఉన్నాయి.

ఇక కోర్స్ అంటారా, స్పెషల్ టీచర్‌గా చేయాలంటే ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ కావాలి. రెండేళ్ళ స్పెషల్ డీఎడ్ గానీ స్పెషల్ బీఎడ్ గానీ చేయొచ్చు. సికింద్రాబాద్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధోవైకల్యం మీద పనిచేసే కేంద్ర సంస్థ, వాళ్ళ కోర్సులు కూడా చూడండి. ఎక్కడ చేరినా సరే, ఆ కాలేజీకి ఆ కోర్సుకి ఆ సంవత్సరానికి అప్రూవల్ ఉందో లేదో ఆర్‌సీఐ సైట్‌లో మీరే స్వయంగా చూసుకున్నాకే ఫీజు కట్టండి.