ఒంటిమీది దద్దుర్లు నల్లివేనా? తేల్చుకునే పద్ధతి

పొద్దున లేచేసరికి మోచేతి దగ్గర మూడు నాలుగు ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. దోమలే అనుకుని కాయిల్ వెలిగించి ఊరుకుంటాం. ఈలోపు పట్టె సందుల్లో నల్లులు గుడ్లు పెట్టి పెరిగిపోతుంటాయి. అందుకే మొదటి రెండు మూడు రోజుల్లోనే తేల్చుకోవాలి. దద్దు ఒక్కటి చూసి ఇది నల్లేనని చర్మవైద్యులు కూడా కచ్చితంగా చెప్పలేరు. దద్దు చూసి అనుమానపడండి, మంచం వెతికి నిర్ధారించుకోండి.

నల్లి ఎక్కువగా అర్ధరాత్రి దాటాక బయటికి వస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు రక్తం తాగి వెళ్ళిపోతుంది, కుట్టినట్టే తెలియదు. దుప్పటి కప్పని చోట్లు దానికి అందుబాటు: ముఖం, మెడ, భుజం, చేతులు, పాదాలు. మనం కదిలితే ఆగి, పక్కనే మళ్ళీ మొదలుపెడుతుంది. రక్తనాళం దొరక్కపోతే రెండు మూడు చోట్ల పొడిచి చూస్తుంది. వరసగానో గుంపుగానో దద్దుర్లు కనబడేది అందుకే. దద్దు మధ్యలో సూదిమొనంత ఎర్రటి చుక్క తరచుగా ఉంటుంది. అలాగని వరస లేదు కాబట్టి నల్లి కాదనుకోవద్దు, విడివిడిగానూ పడతాయి.

చాలామంది పొరపడేది రోజుల లెక్కలో. జీవితంలో మొదటిసారి నల్లి కుట్టినవాళ్ళకు దద్దు తేలడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాల దాకా పట్టొచ్చు. అంటే ఇవాళ కనబడ్డ దద్దు పోయిన వారం పడుకున్న లాడ్జి మంచం మీదిదీ కావచ్చు. పదే పదే కుట్టించుకున్నవాళ్ళకు మాత్రం త్వరగానే తేలుతుంది. ఇంకొకటి, ఒకే మంచం మీద పడుకున్నా కొందరి ఒంటిమీద ఏమీ కనబడదు. ‘మా ఆయనకు ఒక్కటీ లేదు, నల్లులైతే ఇద్దరినీ కుట్టవా’ అనుకుంటారు. ఇద్దరినీ కుట్టే ఉండొచ్చు, ఆయన చర్మం స్పందించలేదంతే.

ఇక మిగతావాటి నుంచి విడదీద్దాం. దోమకాటు నిమిషాల్లో ఉబ్బి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో అణగిపోతుంది. నల్లి దద్దు వారం పైనే ఉండొచ్చు. చీమ కుడితే వెంటనే మంట, ఆ క్షణమే తెలిసిపోతుంది. కుక్కలు, పిల్లుల ఒంటిమీద గెంతే పురుగులైతే ఎక్కువగా మోకాలి కింద, చీలమండల చుట్టూ కుడతాయి. చెమటకాయలు ఆవగింజంత ఉండి, బట్ట అతుక్కునే వీపు, ఛాతీ, మెడ మడతల్లో గుంపుగా వస్తాయి.

గజ్జిని నల్లి అనుకుంటే నష్టం ఎక్కువ, ఇల్లంతా పాకుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ, నడుము, మర్మాంగాలు చూడండి. రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో మరొకరికి కూడా ఉంటే డాక్టరుకు చూపించి, ఇంటిల్లిపాదీ ఒకే రోజు మందు వాడాలి. పూసుకున్నవాళ్ళకు తగ్గినా, పూసుకోనివాళ్ళ నుంచి మళ్ళీ అంటుకుంటుంది.

వానాకాలంలో లైటు చుట్టూ మూగే సన్నటి నారింజ, నలుపు రంగుల పురుగు ఒకటుంది. అది కుట్టదు. చేత్తో నలిపినప్పుడు దాని ఒంట్లోని విషద్రవం చర్మానికి అంటుతుంది. మర్నాడు కాలినట్టు పొడవాటి చార, దాని మీద నీటిపొక్కులు తేలతాయి. దురదకన్నా మంట ఎక్కువ. మోచేయి మడతలో అయితే ఎదురెదురుగా రెండు అచ్చులు పడతాయి. అది ఒంటిమీద వాలితే నలపకుండా ఊదేసి, ఆ చోటు సబ్బుతో కడగాలి.

అలర్జీ దద్దుర్లేమోననిపిస్తే బాల్ పెన్నుతో దద్దు చుట్టూ గీత గీయండి. 24 గంటల్లో అక్కడ మాయమై వేరే చోట లేస్తే అది పురుగు కాటు కాకపోవచ్చు. జ్వరంతో పాటు చంకలోనో గజ్జల్లోనో సిగరెట్ కాల్చినట్టు నల్లటి పక్కు కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి, అది స్క్రబ్ టైఫస్, అంటే కంటికి ఆనని చిన్న పురుగు కాటుతో వచ్చే ప్రమాదకరమైన జ్వరం కావచ్చు.

మంచం వెతకడానికి టార్చి, పాత ఏటీఎం కార్డు, తడిపిన తెల్లగుడ్డ, పారదర్శక టేపు చాలు. ముందు పరుపు అంచు కుట్టు వెంబడి, బొత్తాల కింద చూడండి. తర్వాత మంచం తిరగేసి పట్టె, కోడు కలిసే బెజ్జాలు, స్క్రూ గుంటలు, ప్లైవుడ్ అంచులు చూడండి. నవారు మంచమైతే నవారు మడతలు, నులక మంచమైతే ముడుల లోపల. సందుల్లో కార్డు నెమ్మదిగా జరిపితే దాక్కున్నవి బయటపడతాయి. తలవైపు గోడకున్న క్యాలెండరు వెనక, స్విచ్‌బోర్డు అంచుల్లో, మంచం పక్క కుర్చీలోనూ చూడండి. నల్లులు ఎక్కువగా మంచానికి ఐదారడుగుల లోపే ఉంటాయి.

పెద్ద నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్లు, కందిబద్దలా చదునుగా, ఇటుకరంగులో, రెక్కలు లేకుండా ఉంటుంది. పిల్లలు గడ్డిరంగులో ఉంటాయి, రక్తం తాగాక ఎర్రబడతాయి. పొడవాటి మీసాలతో గబగబా పరిగెత్తేది బొద్దింక పిల్ల. గుడ్లు తెల్లగా గసగసాలంత, చెక్కకు అతుక్కుని ఉంటాయి. ప్రాణమున్న పురుగు దొరక్కపోయినా స్కెచ్‌పెన్ను చుక్కల్లాంటి నల్ల మచ్చలు కనబడితే తడిగుడ్డతో రుద్దండి. తుప్పురంగులో అలుక్కుంటే అది అరిగిన రక్తం, నల్లి రెట్ట. ఎండిపోయి గింజల్లా రాలేది బొద్దింకది. దొరికిన పురుగును టేపుకు అంటించి ఉంచండి, మందు కొట్టేవాళ్ళకు చూపించడానికి పనికొస్తుంది.

ఏమీ దొరక్కపోతే మంచం గోడకు అరడుగు దూరం జరిపి, తెల్ల దుప్పటి పరిచి, దాని అంచులు నేలకు తగలకుండా చూసి, నాలుగు కోళ్ళ కింద గిన్నెలు పెట్టండి. వాటిలో అరంగుళం నీళ్ళు, రెండు చుక్కల సబ్బు ద్రవం పోయండి. ఉత్త గిన్నె చాలదు. మన వేడి ప్రాంతాల నల్లి, సైమెక్స్ హెమిప్టెరస్, నున్నటి గోడలు కూడా ఎక్కగలదు. వారం పాటు రోజూ పొద్దున్నే గిన్నెలు, దుప్పటి చూడండి.

చర్మానికైతే సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, కాలమిన్ లోషన్ రాయండి. దురదకు నిద్రపట్టకపోతే పెద్దవాళ్ళు రాత్రి సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకోవచ్చు. పిల్లలకు, గర్భిణులకు డాక్టరును అడగాలి. నల్లి వల్ల మనుషులకు జబ్బులు అంటుకుంటాయని తేలలేదు, గోకి పుండు చేసుకోవడమే ప్రమాదం. చీము, వేడి, పెరిగే ఎరుపు కనబడితే చూపించుకోండి. పెదవులు ఉబ్బినా, ఊపిరాడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నల్లి ఉందని తేలాక పక్కబట్టలను సంచిలో వేసి మూతి కట్టి, అందులోంచే నేరుగా 60 డిగ్రీల వేడినీళ్ళలో వేయండి. పరుపు ఎండలో వేస్తే అవి కింద నీడవైపుకు జారుకుంటాయి, అదొక్కటే చాలదు. ధాన్యం నిల్వకు వాడే మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా గదిలో పెట్టకండి. అవి తేమ తగిలి వదిలే ఫాస్ఫీన్ వాయువు తలుపు సందుల్లోంచి పక్కగదిలోకి పాకి, అక్కడ నిద్రపోతున్నవాళ్ళ ప్రాణం తీయగలదు.