ఆరుబయట వైరింగు – నాలుగో పాఠం: డబ్బాకు పెట్టిన రంధ్రం

పోయిన పాఠంలో బోరు మోటారు స్టార్టర్ డబ్బా ఎంచుకున్నాం. డబ్బా దుమ్మునూ నీళ్లనూ ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ 65 గుర్తులో 6 అంటే దుమ్ము బొత్తిగా చొరబడదని, 5 అంటే ఏ వైపు నుంచి పైపుతో నీళ్లు చిమ్మినా లోపలికి పోవని చూశాం. ఇవాళ ఆ డబ్బాకు డ్రిల్లు పెడుతున్నాం. రంధ్రం పడగానే ఆ 65 పోయినట్టే. దాన్ని తిరిగి తెచ్చేది ఆ రంధ్రంలో బిగించే గ్లాండు, అంటే కేబుల్ చుట్టూ రబ్బరును నొక్కి సందు మూసే బిగింపు. డబ్బాకు వేలు పోసి, గ్లాండు దగ్గర పది రూపాయలు చూసుకునేవాళ్లను అనంతపురం చుట్టుపక్కల పొలాల్లో చాలామందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా చీనీ తోటలో మంచి డబ్బా పెట్టించాను. ఎండ పడకుండా పైన తాడిపత్రి బండ కూడా వేశాను. ఏడాది తిరక్కముందే మోటారు ఆగింది. మూత తీస్తే అడుగున వేలి మందాన ఎర్ర దుమ్ము, కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) మీద మాడిపోయిన బల్లి. మూత రబ్బరు మాత్రం కొత్తదానిలానే ఉంది. లోపల టార్చి వేసి బయటి నుంచి చూస్తే గ్లాండు దగ్గర వెలుతురు కనిపించింది. బోరులోంచి వచ్చేది ఫ్లాట్ కేబుల్, నేను బిగించింది గుండ్రటి గ్లాండు. కేబుల్ అంచులు రెండూ రబ్బరుకు ఆనుకున్నాయి గానీ, చదునుగా ఉన్న రెండు వైపులా నెలవంకల్లా సందులు మిగిలాయి. ఎంత బిగించినా ఆ సందులు మూసుకోవు. ఆషాఢం గాలికి దుమ్ము వచ్చిన దారీ, బల్లి వచ్చిన దారీ అదే.

ఫ్లాట్ కేబులుకు ఫ్లాట్ రంధ్రం ఉన్న రబ్బరు వేసిన గ్లాండే కావాలి. షాపులో లేకపోతే తెప్పించమని అడగండి. ఇన్సులేషన్ టేపు చుట్టి గుండ్రంగా చేసుకోవద్దు. మన ఎండకు టేపు జిగురు కరిగి జారుతుంది.

గుండ్రటి కేబులుకైతే కొలత ముఖ్యం. కేబుల్ చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. దారం 31 మిల్లీమీటర్లు వస్తే కేబుల్ లావు దాదాపు 10. ఎం20 గ్లాండు (మర 20 మిల్లీమీటర్లది) మామూలుగా 6 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుంది కాబట్టి సరిపోతుంది. లావు 12కు అటూ ఇటూ వస్తే పై సైజు ప్యాకెట్ మీద రాసిన రేంజి చూసి తీసుకోండి. కేబుల్ లావు ఆ రేంజికి నడుమ పడాలి, చివరన కాదు. ఆర్మర్డ్ కేబుల్ (లోపల లోహపు కవచం ఉన్నది) అయితే ఇత్తడి డబుల్ కంప్రెషన్ గ్లాండు, అంటే కేబుల్‌ను రెండు చోట్ల నొక్కి పట్టేది, వాడాలి. ఆరుబయట సింగిల్ కంప్రెషన్ వద్దు.

రంధ్రం ఎక్కడ పెట్టాలి? అడుగునే. పైన పెడితే వాన కారుతుందని అందరికీ తెలుసు, కానీ అసలు కారణం వేరు. మధ్యాహ్నం ఎండకు డబ్బాలో గాలి వేడెక్కి ఉబ్బి, సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం ఉన్నట్టుండి వాన పడితే డబ్బా చల్లబడి లోపలి గాలి ముడుచుకుంటుంది, బయటి నుంచి పీల్చుకుంటుంది. ఆ సమయంలో గ్లాండు చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే గాలి బదులు నీళ్లే లోపలికి పోతాయి. అడుగున ఉన్న గ్లాండు దగ్గర నీళ్లు నిలవవు. పక్క నుంచి రాక తప్పకపోతే కేబుల్‌ను గ్లాండు కన్నా కిందికి వంచి, తర్వాత పైకి తీసుకురండి. నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కండ్యూట్ (వైర్లు లాగే పీవీసీ) పైపు లోపల పట్టిన చెమ్మకూ ఇదే పద్ధతి. పైపు డబ్బాలోకి వాలకూడదు. లైనులో అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట, వైరు లాగకముందే, చెమ్మ కారిపోయేలా చిన్న రంధ్రం వేసి అంచులు ఆకురాయితో నునుపు చెయ్యండి.

పైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న హెవీ రకం తీసుకోండి. ఎండలో వాడటానికి తగినదేనా అని అడిగి మరీ తీసుకోండి. ఇంట్లో గోడ లోపల వేసే పల్చటి పైపు ఆరుబయట పెళుసెక్కుతుంది. పీవీసీ వేడికి సాగుతుంది కూడా. పది మీటర్ల పైపు తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ మధ్య 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు కొసలూ సొల్యూషన్‌తో అంటించి, పైపును పట్టి ఉంచే సాడిల్స్ గట్టిగా బిగిస్తే పైపు పాములా వంకర తిరుగుతుంది, లేదంటే చల్లబడినప్పుడు డబ్బా అడాప్టరులోంచి ఊడొస్తుంది. పొడవాటి లైనులో ఒకచోట ఎక్స్‌పాన్షన్ కప్లర్ వెయ్యండి. దాని ఒక కొసకే సొల్యూషన్, రెండో కొస జారుతూ ఉండాలి. సాడిల్స్ కూడా పైపు కదిలేంత వదులుగా ఉండాలి.

వచ్చే పాఠానికల్లా మీ స్టార్టర్ డబ్బాను ఇలా పరీక్షించండి. ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పెరికి జేబులో వేసుకోండి. ఆటో స్టార్టరు ఉన్నచోట కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది కాబట్టి ఈ పని తప్పదు. టెస్టరుతో మూడు ఫేజులూ చూశాకే చెయ్యి పెట్టండి. తర్వాత న్యూస్‌పేపరు ముక్కను మూతకూ రబ్బరుకూ మధ్య పెట్టి మూత బిగించి లాగండి. నాలుగు మూలలా, నాలుగు అంచులా ఇలాగే చూడండి. ఎక్కడ కాగితం చిరగకుండా జారి వస్తుందో అక్కడ రబ్బరు పట్టడం లేదు. పొద్దుగూకాక, ఫ్యూజులు జేబులోనే ఉంచుకుని, లోపల టార్చి వెలిగించి మూత వేసి, కింద కూర్చుని గ్లాండ్లు చూడండి. వెలుతురు కనిపించిన ప్రతిచోటా సుద్దతో గుర్తు పెట్టండి. అయిదో పాఠం ఆ గుర్తుల దగ్గర మొదలుపెడదాం.